హో అడవిలో కూలిన మానులను ఎందుకు తీయరు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వాయవ్య కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న హో వర్షారణ్యం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. సియాటిల్ చుట్టుపక్కల రెడ్మండ్, బెల్వ్యూ, బోథెల్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులను ఏదో ఒక వారాంతంలో ఈ అడవికి తీసుకువెళ్లడం అక్కడ మామూలే. అందువల్ల ఈ వ్యాసం చాలామందికి పనికివస్తుంది, ఫొటోలు కూడా బాగున్నాయి. అయితే అందులోని రెండు మాటలకు జవాబు చెప్పవలసి ఉంది. బాట పొడవునా కూలిన చెట్లను తొలగించకుండా వదిలేశారని, అది నిర్వహణ లోపమని వ్యాసకర్త ఒకచోట అన్నారు. వాన లేని జూలై, ఆగస్టు నెలల్లో ఓ గంట ఆగి నాలుగు ఫొటోలు తీసుకుంటే ఈ అడవిని చూసినట్టేనని మరోచోట అన్నారు. నేను కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. కూతురి ఇంటికి వెళ్లినప్పుడల్లా ఈ అడవి బాటల్లో తిరిగాను కాబట్టి ఆ రెండింటి గురించీ కొంత చెప్పగలను.

ముందు కూలిన చెట్ల సంగతి. ఈ అడవి ఉన్న హో నది లోయలో సిట్కా స్ప్రూస్, వెస్టర్న్ హెమ్లాక్ అనే శంకుధారి వృక్షాలు ప్రధానమైనవి. వీటికి తోడు డగ్లస్ ఫర్, రెడ్ సీడర్, నది ఒడ్డున బిగ్‌లీఫ్ మేపుల్ పెరుగుతాయి. స్ప్రూస్ చెట్లు కొన్ని తొంభై మీటర్ల దాకా ఎదుగుతాయి, వందల ఏళ్లు బతుకుతాయి. ఇంత పెద్ద చెట్టు గాలివానకు కూలినప్పుడు దాని బతుకు ముగిసిందని మనకు అనిపిస్తుంది కానీ, ఆ అడవి లెక్కలో దాని పనిలో సగమే అయినట్టు. అక్కడి నేల మీద నాచు, ఫెర్న్‌లు, రాలిన ఆకులు ఎంత మందంగా పేరుకుని ఉంటాయంటే, హెమ్లాక్ విత్తనం వంటి చిన్న విత్తనం వాటి మధ్య పడితే మొలకెత్తినా పైకి రావడం కష్టం. అదే విత్తనం కూలిన మాను మీద పడితే నేల కన్నా ఎత్తులో కాస్త వెలుతురు దొరుకుతుంది, కుళ్లుతున్న కలప తడిని పట్టి ఉంచుతుంది, చుట్టూ పోటీ తక్కువ. ఆ అడవిలోని పెద్ద చెట్లలో చాలా వాటి బాల్యం ఇలా మరో చెట్టు వీపు మీద గడిచిందే. అక్కడి రేంజర్లు ఇటువంటి మానులను నర్స్ లాగ్‌లు అంటారు.

బాట పక్కన అటువంటి మాను ఒకటి కనిపిస్తే ఐదు నిమిషాలు దాని దగ్గర వంగి నిలబడమని మీ పాఠకులకు నా మనవి. బెరడు ఊడిపోయిన చోట కలప ముదురు ఎరుపులో, వేలితో నొక్కితే నీరు ఊరేంత మెత్తగా ఉంటుంది (నొక్కనక్కరలేదు, చూస్తేనే తెలుస్తుంది). దాని మీది నాచులో వేలి కణుపంత ఎత్తున్న హెమ్లాక్ మొలకలు వరుసగా కనిపిస్తాయి. వాటి కొన ఆ వయసులోనే కొంచెం కిందికి వాలి ఉంటుంది, పెద్ద చెట్టయినా ఆ వాలు పోదు. వాటి మధ్య సూదుల్లాంటి బిరుసు ఆకులున్న మొలకలు స్ప్రూస్‌వి. వందల మొలకల్లో చివరికి నాలుగైదు మిగులుతాయేమో. అలా మిగిలినవాటి వేళ్లు మాను పక్కల నుంచి జారి నేలను పట్టుకుంటాయి. ఎన్నో దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు గడిచాక అడుగున ఉన్న మాను పూర్తిగా మట్టిలో కలిసిపోతుంది. అప్పుడు ఎవరో తాడు పట్టి నాటినట్టు తిన్నని వరుసలో నిలబడిన మహావృక్షాలు, వాటి మొదళ్ల కింద ఒకప్పటి మాను ఉన్న మేరకు ఖాళీ మిగులుతాయి. ఆ వేళ్లు మన మొగలి పొద ఊతవేళ్లను గుర్తుకు తెస్తాయి కానీ, మొగలికి అవి పుట్టుకతో వచ్చే గుణం, వీటికి మాత్రం కరిగిపోయిన చెట్టు మిగిల్చిన గుర్తు. కూలిన మానులను ఊడ్చేస్తే అడవి శుభ్రపడుతుందేమో కానీ, రాబోయే శతాబ్దాల చెట్లకు ఉయ్యాల లేకుండా పోతుంది.

వ్యాసకర్తకు ఆ సందేహం ఎందుకు వచ్చిందో ఊహించగలను. నల్లమల వంటి మన ఆకురాల్చే అడవులలో కూలిన కలపను చెదలు, వేసవి మంటలు, వంటచెరకు అవసరం కలిసి చాలాకాలం ఉండనీయవు. హో లోయలో చల్లదనం వల్ల కుళ్లడం నెమ్మది. ఉష్ణమండల అడవుల్లో ఉన్నన్ని జాతులు ఇక్కడ లేకపోయినా, ఎకరా నేల మోసే సజీవ, నిర్జీవ పదార్థం బరువులో ఇలాంటి సమశీతోష్ణ వర్షారణ్యాలు వాటిని మించిపోవడానికి ఈ నెమ్మదితనం కూడా ఒక కారణం.

నాచు విషయంలో కూడా ఒక అపోహ ఉంది. మేపుల్ కొమ్మల నుంచి మూరల కొద్దీ వేలాడే ఆకుపచ్చ తెరలను చూసి, ఇది మామిడి చెట్టుకు పట్టిన బదనిక లాంటిదని, చెట్టు రసం పీల్చి చంపేస్తుందని అనుకునేవారిని అక్కడే విన్నాను. బదనిక పరాన్నజీవి, ఇవి చెట్టును ఆధారంగా మాత్రమే వాడుకునే వృక్షోపజీవులు. పైగా ఆ తెరలలో ఎక్కువ భాగం అసలు నాచే కాదు, నాచులా కనిపించినా లోపల నీటిని మోసే నాళాలున్న సెలాజినెల్లా అనే మొక్క. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినవారు ప్రయోగశాలలో గాజుపలక మీద చూసిన ఆ చిన్న మొక్క ఇక్కడ కొమ్మల నుంచి జాలువారుతుంటే పాత విద్యార్థులకు సంతోషం కలుగుతుంది. దాని పక్కనే లికరిస్ ఫెర్న్, పాలకూర ఆకుల్లాంటి లోబేరియా లైకెన్ (శిలీంద్రం, దానితో కలిసి బతికే పచ్చని సూక్ష్మజీవుల జంట) ఉంటాయి. ఈ లైకెన్‌లోని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కలు వాడుకోగల రూపంలోకి మారుస్తాయి. గాలికి అది తెగి కింద పడితే అడవి నేలకు ఎరువు.

చెట్టుకు వీటి వల్ల నష్టం లేకపోవడమే కాదు, లాభం కూడా ఉందని కనిపెట్టినవారు భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త నళినీ నాడ్‌కర్ణి. ఆమె వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థినిగా ఉన్నప్పుడు పర్వతారోహకుల తాళ్లతో ఇక్కడి చెట్ల మీదికి ఎక్కి, కొమ్మల మీది నాచు పరుపును ఎత్తి చూశారు. దాని కింద ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి, ఆ మట్టిలోకి మేపుల్ చెట్టు తన కొమ్మల నుంచే పుట్టించుకున్న అబ్బురపు వేర్లు కనిపించాయి. అంటే నేలలోని వేళ్లతో పాటు, పైన తన చేతుల మీద పేరుకున్న మట్టి నుంచి కూడా చెట్టు పోషకాలు తీసుకుంటోంది. ఈ పరిశీలన 1981లో సైన్స్ పత్రికలో అచ్చయింది. మన ఇంటర్మీడియట్ విద్యార్థులకు వృక్షోపజీవి అంటే వాండా అనే ఆర్కిడ్ మొక్క, గాలిలోని తేమను పీల్చే దాని వేళ్ల మీది వెలమిన్ కణజాలం అనే రెండు ముక్కల జవాబు తప్ప ఇంకేమీ చెప్పకపోవడం నాలాంటి అధ్యాపకుల లోపమే అనుకోండి.

ఇక వాన సంగతి. హో లోయలో ఏడాదికి సగటున మూడున్నర వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖపట్నంలో పడేది వెయ్యి పైచిలుకు కాబట్టి ఇది పెద్ద అంకెగానే తోస్తుంది. అయితే కర్ణాటకలోని ఆగుంబెలో ఇంతకు రెట్టింపు పడుతుంది, అయినా అక్కడి అడవి ఇలా ఉండదు. తేడా వాన పడే తీరులో ఉంది. ఆగుంబె వానలో అత్యధిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో కుండపోతగా కురిసి వెళ్లిపోతుంది. ఇక్కడ పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఒలింపిక్ పర్వతాలను ఎక్కుతూ చల్లబడి, అక్టోబరు మొదలు వసంతం చివరి దాకా తుంపరగానో ముసురుగానో పడుతూనే ఉంటుంది. చలికాలం మంచు గడ్డకట్టించేంత తీవ్రంగా ఉండడం అరుదు, వేసవిలోనూ మేఘమో పొగమంచో వచ్చి తడి ఆరిపోనివ్వదు. అదే గాలి పర్వతాలు దాటి తూర్పున దిగేసరికి పొడిబారిపోతుంది; అటువైపు ఉన్న సెక్విమ్ పట్టణంలో వర్షపాతం నాలుగు వందల మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, అంటే మన అనంతపురం కంటే కూడా తక్కువ.

కాబట్టి వాన లేని నెలలో మాత్రమే వెళ్లమనడం, జాతరకు జనం లేని రోజు చూసుకుని వెళ్లమన్నట్టుంది. నాచు ఎండాకాలంలో ముడుచుకుని పసుపు వర్ణంలోకి తిరుగుతుంది. అక్టోబరులో మొదటి ముసురు పట్టగానే కొద్దిసేపట్లోనే నీరు పీల్చుకుని పచ్చబడుతుంది. తల్లిదండ్రుల వీసా, పిల్లల సెలవులు వేసవితో ముడిపడి ఉంటాయని నాకు తెలుసు. అయినా మే, జూన్ మొదటి వారాల్లో గానీ, సెప్టెంబరు చివర గానీ వీలు చేసుకోగలిగినవారికి ఆ మాట చెప్పడం మీ వ్యాసం బాధ్యత. సెప్టెంబరులో అయితే రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద జింకల మగవి ఈలలాంటి గొంతుతో పిలుస్తుంటాయి. అప్పుడు వాటికి యాభై గజాల దూరం తప్పనిసరిగా పాటించాలి. ఈ జింకల మేత వల్లే అడవి అడుగున పొదలు దట్టం కాకుండా ఉంటాయి, వాటి రక్షణ కోసమే 1909లో ఈ ప్రాంతాన్ని మొదట జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఈ అడవిని కలుపుకుని ఒలింపిక్ జాతీయ ఉద్యానం 1938లో ఏర్పడింది, యునెస్కో 1981లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తేలికగా, గట్టిగా ఉండే సిట్కా స్ప్రూస్ కలపను మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాల తయారీకి ఈ అడవి ఉన్న ఒలింపిక్ ద్వీపకల్పం నుంచి విపరీతంగా నరికిన చరిత్ర తెలిస్తే, ఈ లోయ మిగలడం ఎంత అదృష్టమో అర్థమవుతుంది.

గంటసేపు చాలునన్న మాట హాల్ ఆఫ్ మాసెస్ అనే 1.3 కిలోమీటర్ల చుట్టుబాటకు సరిపోతుంది. దాని మొదట్లో చిన్న ఎక్కుడు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి 1.9 కిలోమీటర్ల స్ప్రూస్ నేచర్ ట్రయిల్ నయం, జనం కూడా తక్కువ. నడవగలిగినవారు హో రివర్ ట్రయిల్ పట్టుకుని పోవాలి. అది పర్వతాల్లోని గ్లేసియర్ మెడోస్ వరకు దాదాపు 28 కిలోమీటర్లు పోతుంది కానీ, మొదటి ఎనిమిది కిలోమీటర్లు దాదాపు చదునే, ఓపిక ఉన్నంత దూరం వెళ్లి వెనక్కి తిరగవచ్చు. మొదటి కిలోమీటరు దాటగానే జనం పలచబడతారు. నూలు బట్టలు తడిస్తే ఒంటి మీద ఆరవు కాబట్టి వాటికి బదులు త్వరగా ఆరేవి, పైన వానకోటు ఉండాలి. పులిహోర డబ్బాలు తెచ్చుకోవడంలో తప్పు లేదు, మెతుకు కూడా కింద వదలకూడదు.

మరో మాట చెప్పడానికి కొంత ఇబ్బందిగా ఉంది. మన కుటుంబాలు కొన్ని బ్లూటూత్ స్పీకర్లలో సినిమా పాటలు పెట్టుకుని ఈ బాటల మీద నడవడం చూశాను. గోర్డన్ హెంప్టన్ అనే ధ్వని సేకర్త 2005 ఏప్రిల్ 22న, విజిటర్ సెంటర్ నుంచి ఐదు కిలోమీటర్ల లోపలి చోటులో, నాచు పట్టిన ఒక మాను మీద చిన్న ఎర్రరాయి పెట్టి, ఆ ఒక్క చదరపు అంగుళాన్ని మనిషి చప్పుడు నుంచి కాపాడాలని ప్రచారం చేపట్టారు. విడ్బీ ద్వీపం నుంచి ఎగిరే నౌకాదళ విమానాల మోతను ఆపడం మన చేతిలో లేదు, స్పీకరు ఆపడం ఉంది. అలాగే ఫొటో కోసం పిల్లలను మాను మీద ఎక్కించి నిలబెట్టడం, నాచును చేత్తో ఒలవడం మానడం కూడా మన చేతిలోనే ఉంది. కొమ్మ నుంచి ఒలిచిన నాచు పరుపు మళ్లీ ఆ మందానికి రావడానికి పదుల ఏళ్లు పట్టవచ్చు. మాను మీద ఒక్క అడుగు వేస్తే అందులో ఎన్ని హెమ్లాక్ మొలకలు నలిగిపోతాయో పైన చెప్పిన వరుసను తలచుకుంటే తెలుస్తుంది. మీ వ్యాసంతో పాటు వేసిన రెండో ఫొటోలో ఇద్దరు పిల్లలు నిలబడింది అటువంటి మాను మీదే.

అందువల్ల కూలిన చెట్ల గురించిన ఆ వాక్యానికి సవరణ వేయాలని, ఆన్‌లైన్ ప్రతిలో ఆ ఫొటోను మార్చాలని కోరుతున్నాను. వీలుంటే దారి గురించి కూడా ఒక సూచన చేర్చండి. సియాటిల్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. జూలై, ఆగస్టు వారాంతాల్లో పార్కింగు నిండితే గేటు దగ్గర గంటల తరబడి ఆపేస్తారు కాబట్టి ఉదయం తొమ్మిది లోపే చేరుకోవడం మేలు. 2024 డిసెంబరులో హో నది ఉద్ధృతికి అప్పర్ హో రోడ్డు కోసుకుపోయి 2025 మే వరకు వాహనాలు వెళ్లడానికి దారి లేకుండా పోయింది. నది పక్కనే సాగే రోడ్డు కావడం వల్ల అది మళ్లీ జరగవచ్చు. బయలుదేరే ముందు ఉద్యానం వెబ్‌సైట్‌లో రోడ్డు పరిస్థితి చూసుకోవాలి, ఫోర్క్స్ పట్టణం దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు,
కాకినాడ