బేగంపేటలో మా అమ్మకు తోడుగా దిగిన చెల్లికి

బుధవారం పొద్దున లింగంపల్లిలో ఎక్కిన ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు)లో మా అమ్మకు సాయం చేసిన చెల్లీ, నీ పేరు అడగడం అమ్మకు తట్టలేదట. అందుకే ఇలా రాస్తున్నాను.

అమ్మ లక్డీకాపూల్‌లో దిగి నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి రావాలి. నా బాబు అక్కడే అడ్మిట్ అయ్యాడు, వాడి పాత రిపోర్టులన్నీ అమ్మ సంచిలోనే ఉన్నాయి. తీరా చూస్తే ఎక్కింది ఫలక్‌నుమా బండి. లింగంపల్లి నుంచి బేగంపేట దాకా నాంపల్లి బండిదీ, ఫలక్‌నుమా బండిదీ ఒకటే దారి. ఆ తర్వాతే ఒకటి నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్ మీదుగా నాంపల్లికి పోతుంది, ఇంకొకటి సంజీవయ్య పార్కు మీదుగా సికింద్రాబాద్ వైపు తిరుగుతుంది. 2003 నుంచి నడుస్తున్న లైనే అయినా కొత్తవాళ్లకు ఇది తెలియదు.

నువ్వు చెప్పి ఊరుకోలేదు. అమ్మతో పాటు బేగంపేటలో దిగావు, నాంపల్లి బండి వచ్చేదాకా కూర్చున్నావు, ఎక్కించి, లక్డీకాపూల్‌లో దించమని పక్కామెకు అప్పజెప్పావు. మెట్రోలా ఐదు నిమిషాలకొకటి రాదు కదా ఎంఎంటీఎస్! నీ బండి పోయింది, కాలేజీకో ఆఫీసుకో ఆలస్యమై ఉంటుంది. అది తలుచుకుంటేనే మనసు నిండిపోతోంది.

డాక్టర్ రౌండ్స్‌కు వచ్చేలోపే రిపోర్టులు అందాయి. బాబు ఇప్పుడు కోలుకుంటున్నాడు. మా ఇంటిల్లిపాదీ నీకు రుణపడి ఉన్నాం, తల్లీ.