ఛార్జీ ఎంతో నోటు బయటికి రాకముందే చెప్పండి

సంపాదకుడు గారికి,

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కదిరి. మొన్న ఫోన్ తెచ్చి, "సార్, ఈ ఇంగ్లీషు మెసేజ్ ఏందో చూడండి" అన్నాడు. ఏటీఎం ఛార్జీ కింద 27 రూపాయల 14 పైసలు కట్. దాని పైన అలాంటిదే ఇంకొకటి. రెండుసార్లు ఐదేసి వందలు తీసినందుకు 54 రూపాయల 28 పైసలు పోయాయి. "మా ఊర్లో ఐదుసార్లు ఫ్రీ సార్. ఈ నెల మూడుసార్లే తీసినా" అంటాడు.

ఊళ్లో అయితే అతని లెక్క సరైనదే. వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు ఉచితం. కానీ బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో 2014 నవంబరు నుంచి అది మూడే. పైగా వేరే బ్యాంకు మిషన్‌లో బ్యాలెన్స్ చూసుకున్నా ఒకటి ఖర్చయినట్టే. ఇతను జీతం పడిందో లేదోనని రెండుసార్లు చూసుకున్నాడు, ఒకసారి డబ్బు తీశాడు. మూడూ అక్కడికే సరి. (సొంత బ్యాంకు మిషన్‌లో చూసుకుంటే లెక్కలోకి రాదు. అది మా వీధిలో లేదు.) ఆపైన ప్రతిసారీ 23 రూపాయల దాకా వేయవచ్చు, 18 శాతం జీఎస్టీ అదనం. 2025 మే 1కి ముందు ఇది 21 రూపాయలు.

రేటు మీద నాకు పేచీ లేదు. మిషన్ పెట్టి, అద్దె కట్టి, నోట్లు నింపే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ముందు చెప్పకపోవడమే నా బాధ. ఛార్జీ వేసేది మిషన్ పెట్టిన బ్యాంకు కాదు, కార్డిచ్చిన బ్యాంకు. అందుకే స్క్రీన్ మీద మహా అయితే 'మీ బ్యాంకు ఛార్జీ వేయవచ్చు' అని వస్తుంది. సాయంత్రం వాన పడవచ్చు అన్నట్టు! బ్యాంకులో అడిగితే "మిషన్ వాళ్లది, లెక్క మాది" అన్నారు. మరి అదే మిషన్ మన బ్యాలెన్స్‌ను పైసలతో సహా క్షణాల్లో తెచ్చి చూపిస్తోంది కదా? ఎన్ని ఉచితాలు మిగిలాయో ఆ దారినే తెచ్చి చూపించలేదా?

ఏటీఎం ఈ మహానగరాల (మెట్రో) పరిధిలో ఉందో లేదో మెసేజో, స్టిక్కరో, పోస్టరో పెట్టి తెలియజేయాలని 2014లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మారతహళ్లిలో మా చుట్టుపక్కల నాలుగు ఏటీఎంలు తిరిగి చూశాను. ఎక్కడా కనబడలేదు. ఒకచోట పర్సనల్ లోన్ పోస్టర్ మాత్రం నిలువెత్తున ఉంది.

అమెరికాలో మిషన్ వాళ్లు ఫీజు వేయాలంటే ఎంతో స్క్రీన్ మీద చూపించి, మనం సరే అన్నాకే ముందుకెళ్లాలి. బయట స్టిక్కర్ కూడా ఉండాలన్న నిబంధనను 2012లో తీసేశారు గానీ స్క్రీన్ మీది మాత్రం ఉంచారు. అదే మేలు. స్టిక్కర్‌ను ఎవరైనా పీకేయొచ్చు.

'ఈ నెల ఉచితాలు అయిపోయాయి, 27 రూపాయల 14 పైసలు కట్ అవుతుంది, తీయాలా వద్దా' అని మనం ఎంచుకున్న భాషలోనే అడగాలి. వద్దంటే కార్డు వెనక్కి ఇచ్చేయాలి, పైసా పడకూడదు. రిజర్వ్ బ్యాంక్ ఇంతమాత్రం తప్పనిసరి చేస్తే చాలు.

మా వాచ్‌మన్ ఇప్పుడు బ్యాలెన్స్ చూసుకోవడమే మానేశాడు. అసోసియేషన్ ట్రెజరర్‌ని నేనే కాబట్టి ఒకటో తారీఖు వచ్చిందంటే "జీతం ఏసినారా సార్" అని తెల్లారకముందే నా తలుపు కొడుతున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు