ఒక శాతం ఎవరికి? మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో సగానికి పైగా పన్నుల గొడవే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను. విజయవాడ సింగ్ నగర్‌లో దుకాణాలు నడిపేవాళ్లూ, ఆ దుకాణాల పైనా వెనకా కాపురం ఉండేవాళ్లూ కలిసి పెట్టుకున్న సంఘం మనది. మామూలుగా మన మీటింగుల్లో కాలవ పూడిక, వీధి దీపాలు, కుక్కల బెడద దాటి మాట ముందుకు పోదు. ఈ ఏడాది మాత్రం జీఎస్‌టీ మీద మొదలైన చర్చ టీలు రెండోసారి తెప్పించినా ఆగలేదు.

మిగతా పనులు క్లుప్తంగా. వినాయక చవితి పందిరి ఎప్పటి చోటే వేశాం, ఊరేగింపులో డీజే వద్దన్న మాట మీద ఈసారి నిలబడ్డాం. కంటి పరీక్షల శిబిరానికి అనుకున్నదానికన్నా ఎక్కువమంది పెద్దవాళ్లు వచ్చారు. సైడు కాలవల పూడిక వానలకు ముందే తీయించగలిగాం. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేసి వెళ్తే, మళ్లీ వాన పడితే అది కాలవలోకే పోతుందని మనమే ట్రాక్టర్ మాట్లాడి ఎత్తించాం. ఆ ఖర్చు జమాఖర్చుల పట్టికలో విడిగా కనిపిస్తుంది.

ఇక పన్నుల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులు పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. ఆ వారమంతా మన వీధిలో టెన్షనే. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి దిగాయి. కిరాణా షాపుల్లో పాత ధర ముద్రించిన సరుకు నిండా ఉంది, కొనేవాళ్లేమో టీవీలో చూసి వచ్చి కొత్త రేటు అడుగుతున్నారు. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది కాబట్టి హార్డ్‌వేర్ వాళ్లకు బేరాలు పెరిగాయి. బట్టల షాపులది మరో కథ. రెడీమేడ్ దుస్తుల్లో అంతకుముందు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, ఆపైన 12 ఉండేది. ఇప్పుడు 2,500 దాకా 5, దాటితే ఏకంగా 18. చీర మాత్రం కుట్టని బట్ట కిందే లెక్క కాబట్టి ఎంత ఖరీదైన పట్టుచీరైనా 5 శాతమే. పెళ్లికూతురు చీర కడితే ఒక పన్ను, ఖరీదైన లెహంగా వేసుకుంటే ఇంకో పన్ను. ఈ తేడా ఎందుకో మన ఆడిటర్ గారు చాలాసేపు వివరించారు. అర్థమైనట్టు అందరం తలూపాం.

రేట్లు తగ్గాయని సంతోషపడుతున్న ఆ మీటింగులోనే ఒక సభ్యుడు లేచి అడిగాడు: "తగ్గింది సరేనండీ, మరి మన బుడమేరు కోసం ఒక శాతం పెంచుతామన్నారు, అదేమైంది?"

గుర్తులేని వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు డైవర్షన్ కెనాల్‌కు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అది ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నష్టం పూడ్చుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక శాతం అదనపు పన్ను వేసుకుంటామని, కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూర్చుని జీఎస్‌టీ రేట్లు తేల్చే జీఎస్‌టీ కౌన్సిల్‌ను అడిగింది. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన 55వ సమావేశం, ఇలాంటి విపత్తు పన్నుకు దేశమంతటికీ ఒకే విధానం ఉండాలని చెప్పి ఆ విషయాన్ని మంత్రుల బృందానికి అప్పగించింది. ఆ పన్ను గనక వస్తే మన సంఘం ఏమనాలి? చర్చంతా దీని మీదే.

అడగడానికి ఆధారం ఉంది. ప్రకృతి విపత్తు వచ్చినప్పుడు కొంతకాలం ప్రత్యేక రేటు సిఫారసు చేసే అధికారం రాజ్యాంగంలోని 279ఏ అధికరణం కౌన్సిల్‌కి ఇచ్చింది. 2018 వరదల తర్వాత కేరళ దాన్ని వాడుకుంది. 2019 ఆగస్టు 1 నుంచి 2021 జులై 31 దాకా అక్కడ ఒక శాతం వరద సెస్ (ఒక ప్రత్యేక అవసరం కోసం అదనంగా వేసే పన్ను) నడిచింది. 5 శాతం పన్ను ఉన్న సరుకుల్ని వదిలేశారు, బంగారానికి పావు శాతమే వేశారు, కాంపోజిషన్ స్కీములో ఉన్న, అంటే మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే చిన్న దుకాణదారుల జోలికి పోలేదు. గడువు అయిపోగానే తీసేశారు కూడా. ఈ చివరి మాట నమ్మడానికే మనవాళ్లకు సమయం పట్టింది.

దానికి కారణం మన రిటైర్డ్ టీచరు గారు. అమ్మకం పన్ను మనకు ఎలా వచ్చిందో ఆయన గుర్తుచేశారు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1939లో రాజాజీ ప్రభుత్వం దాన్ని తెచ్చింది, మద్యనిషేధం వల్ల తగ్గే ఆబ్కారీ రాబడి పూడ్చుకోవడానికి. "మందు తిరిగొచ్చింది, పన్ను మాత్రం పోలేదు" అని ఆయన అనేసరికి హాలంతా నవ్వులు. పేరు మారుతూ అది 2005లో వ్యాట్ అయింది, 2017 జులై 1న జీఎస్‌టీలో కలిసింది.

పెంపు వద్దన్నవాళ్ల వాదన సూటిగా ఉంది. మునిగింది మనమే, మళ్లీ పన్ను కట్టేదీ మనమేనా? కావాలన్నవాళ్లు దానికి ఇచ్చిన జవాబు ఇంకా బాగుంది. ఆ పన్ను ఒక్క విజయవాడ కట్టేది కాదు, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అందరూ కడతారు. అప్పుడు అసలు ప్రశ్న ఇటు తిరిగింది: అందరి దగ్గర వసూలు చేసింది మన ఒక్క ఊరికే ఖర్చుపెట్టాలని అడగడం న్యాయమేనా? మనలో చాలామంది "మన పేరు చెప్పి వసూలు చేసింది మనకే రావాలి" అన్నారు. పెళ్లై వైజాగ్ నుంచి ఇక్కడికి వచ్చిన సభ్యురాలు ఒకరు అడ్డుకున్నారు. "2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వైజాగ్ ఖర్చు మీరే పెట్టుకోండి అని మీరంటే మేమేమైపోయేవాళ్లం? అనంతపురం వాళ్లు కరువుకి ఎవరి మీద పన్నెయ్యాలి?" ఆ మాటతో చాలామంది తగ్గారు. నా అభిప్రాయంలో ఆ రోజు చర్చలో అన్నిటికన్నా బరువైన మాట అదే.

ఇక వాటాల లెక్క. సింగ్ నగర్‌లో వెయ్యి రూపాయల చొక్కా అమ్మితే పన్ను 50 రూపాయలు. అందులో 25 రాష్ట్రానికి, 25 కేంద్రానికి. కేంద్రం తన పాతికలో 41 శాతం, అంటే పది రూపాయల పావలా, రాష్ట్రాలన్నిటికీ పంచుతుంది. 15వ ఆర్థిక సంఘం 2026 మార్చి దాకా అందులో ఆంధ్రప్రదేశ్‌కు ఖరారు చేసిన వాటా 4.047 శాతం. వసూలు ఖర్చులు పక్కనపెడితే, ఆ చొక్కా మీద కేంద్రానికి వెళ్లిన పాతికలోంచి ఆ లెక్కన మన రాష్ట్రానికి తిరిగొచ్చింది 41 పైసలు. ఆడిటర్ గారు దీన్ని బోర్డు మీద వేసి చూపిస్తే ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకు ఎక్కువ వెళ్లడం తప్పు కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ కేంద్రం వేసే సెస్‌లు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకే రావు. పైగా జీఎస్‌టీ వల్ల రాష్ట్రాలకు తగ్గిన రాబడిని ఐదేళ్లపాటు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన పూడ్చిన హామీ 2022 జూన్‌తో అయిపోయింది. అందుకే కష్టం వచ్చినప్పుడల్లా రాష్ట్రం చూపు అదనపు పన్ను మీదికి పోతోంది.

పంపకాల్లో మనకు దెబ్బ తగలడం కొత్తేం కాదు. రాష్ట్ర విభజన చట్టంలో పన్ను బకాయిల వసూలు హక్కు అసెస్‌మెంట్ (పన్ను లెక్కగట్టడం) ఎక్కడ జరిగితే ఆ రాష్ట్రానికే ఇచ్చారు. హెడ్డాఫీసులన్నీ హైదరాబాద్‌లో ఉండేసరికి బకాయిలు అటు వెళ్లాయి. ఎక్కువ కట్టిన పన్ను తిరిగిచ్చే రీఫండ్ల భారం మాత్రం జనాభా లెక్కన పంచి 58.32 శాతం మన మీద వేశారు.

అమెరికాలో కొడుకు ఉన్న సభ్యుడొకరు, అక్కడ చాలా ఊళ్లు రాష్ట్ర పన్ను మీద తమ సొంత అమ్మకం పన్ను వేసుకుంటాయనీ, కొన్ని చోట్ల దానికి జనం ఓటు వేయాలనీ చెప్పారు. జీఎస్‌టీలో ఊరికో రేటు కుదరదు. విజయవాడ పేరు మీద ఒక్క పైసా విడిగా జమ కాదు. నగరానికి సొంతంగా ఉన్నవి ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సు లాంటివే. మిగతాదంతా పైనుంచి వస్తేనే.

ఇంకో చేదు నిజం కూడా రాయాలి. వరద తర్వాత దుకాణాలకు ప్రభుత్వ సాయం టర్నోవర్‌ను బట్టి వచ్చింది. కాగితాల్లో టర్నోవర్ తగ్గించి చూపించినవాళ్లకు సాయమూ తగ్గే వచ్చింది. ఎవరి గురించో చెప్పను, ఎవరికి వాళ్లకు తెలుసు.

చేతులెత్తి ఓటు వేస్తే ఎక్కువమంది ఒప్పుకున్న తీర్మానం ఇది: ఒక శాతం పన్ను వస్తే మనం వ్యతిరేకించం. కానీ కేరళలోలాగా 5 శాతం సరుకులకు, కాంపోజిషన్ డీలర్లకు మినహాయింపు ఉండాలి. ముగిసే తేదీ ఉత్తర్వులోనే రాయాలి. వచ్చిన డబ్బు వేరే ఖాతాలో ఉంచి, ఏ జిల్లాలో ఏ పనికి ఎంత ఖర్చయిందో ఆరు నెలలకోసారి బయటపెట్టాలి. "అంతా విజయవాడకే" అన్న మాటను చర్చ తర్వాత తీసేశాం. దాని బదులు బుడమేరు కాలవ గట్ల పని పూర్తయ్యేదాకా ఆ నిధిని వేరే వాటికి మళ్లించొద్దని పెట్టాం. హార్డ్‌వేర్ సభ్యులు ఒప్పుకోలేదు. వాళ్ల సరుకు 18 శాతంలో ఉంది కాబట్టి భారం వాళ్ల గల్లా మీదే పడుతుందన్న అభ్యంతరం మినిట్స్‌లో యథాతథంగా రాశాం.

కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు, ఏదైనా నెగ్గాలంటే నాలుగింట మూడొంతులు కావాలి. అంటే మన రాష్ట్రం ఒక్కటే గట్టిగా అడిగితే పని జరగదు. అయినా అక్కడ మన తరఫున కూర్చునేది రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు కాబట్టి తీర్మానం ప్రతి ఆయనకు పంపుతున్నాం.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జత చేశాం. చందా బాకీలు ఉన్నవాళ్లు వచ్చే సర్వసభ్య సమావేశంలోపు కోశాధికారికి కట్టి రసీదు తీసుకోగలరు. కట్టనివారికి కొత్త కమిటీ ఎన్నికలో ఓటు ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి