ఆ బొమ్మలేసినవాళ్ల పేర్లు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పాత సూపర్ హీరో కామిక్ ఏదైనా వేలంలో పెద్ద రేటుకి పోయినప్పుడల్లా పేపర్లలో వార్త వస్తుంది, అట్ట ఫోటో వేస్తారు, ఎన్ని డాలర్లో పెద్దక్షరాల్లో వేస్తారు, కొన్నవాళ్లు పేరు చెప్పడానికి ఇష్టపడలేదని కూడా రాస్తారు. ఆ కథ రాసిందెవరు, బొమ్మలేసిందెవరు అన్నది మాత్రం చాలాసార్లు ఒక్క ముక్క ఉండదు. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది, 1938లో అట్ట మీద ఉన్న ధర 10 సెంట్లు, ఇవి అందరూ రాస్తారు. కానీ అందులో సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ పేర్లు ఎంతమందికి తెలుసండీ? ఈ బాధ నాకు చిన్నప్పట్నుంచీ ఉంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

నాకు చేరిన కామిక్స్ అన్నీ పది చేతులు మారినవే. సగానికి అట్టలుండేవి కావు, పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీలు ఊడి చేతిలోకొచ్చేవి, చివరి పేజీ లేని కథలకి ముగింపు నేనే ఊహించుకుని పడుకునేవాణ్ణి, అలా ఊహించుకున్న వాటిల్లో కొన్ని ఇప్పటికీ అసలు కథలే అనిపిస్తాయి నాకు. కాగితం పసుపెక్కి అంచులు పెళుసుగా ఉండేవి, పుస్తకం తెరవగానే ఒక వాసన వచ్చేది, దాన్ని మాటల్లో చెప్పలేను గానీ ఇవాళ కళ్లు మూసుకుని వాసన చూపించినా గుర్తుపడతాను. కళ్లకి బాగా దగ్గరగా పెట్టుకుంటే హీరో చర్మం అంతా చిన్న చిన్న ఎర్రచుక్కలు, దూరం పెడితే మళ్లీ మనిషి రంగు, నీలం పసుపు చుక్కలు కలిస్తే ఆకుపచ్చ, ఈ ఆట ఎంతసేపు ఆడేవాణ్ణో.

అట్టపెట్టెలో ముందు హీరోల్ని బట్టి సర్దుకున్నాను, స్పైడర్‌మ్యాన్ ఒక కట్ట, బ్యాట్‌మ్యాన్ ఒక కట్ట. కొన్నాళ్లకి ఒకటి అర్థమైంది, ఒకే హీరో అన్ని పుస్తకాల్లో ఒకేలా లేడు. స్పైడర్‌మ్యాన్ కట్టలో కొన్నిట్లో పీటర్ పార్కర్, అంటే ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్, బక్కపల్చగా, కళ్లజోడుతో, నలుగురిలో ఒంటరిగా కనిపిస్తాడు, కొన్నిట్లో ఉన్నట్టుండి అందగాడైపోయాడు. వేరే మనిషేమో అనుకున్నాను! స్టీవ్ డిట్కో 38 సంచికలు వేసి మానేశాక 1966లో 39వ సంచిక నుంచి జాన్ రొమీటా అందుకున్నాడని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం పేర్లు తెలీదు కాబట్టి చేతుల్ని బట్టి పెట్టుకునేవాణ్ణి, వేళ్లు వంకరగా ఏదో పట్టుకోబోతున్నట్టు వేసేవాడు ఒకడు, వేళ్లు ఇటుకల్లా నలుచదరంగా వేసేవాడు ఇంకొకడు. ఆ ఇటుకవేళ్లాయన శక్తి పేలుతున్నట్టు చూపించాలంటే చుట్టూ నల్లటి గుండ్రాలు గుండ్రాలు వేసేవాడు, అవి చూస్తే పేజీ ఉడుకుతున్నట్టుండేది. ఆయనే జాక్ కిర్బీ. కట్టలన్నీ విప్పేసి మళ్లీ వేళ్లని బట్టి సర్దాను, అప్పట్నుంచీ నా పెట్టె అలాగే ఉంది.

స్పైడర్‌మ్యాన్‌ని వేసే మార్వెల్ కంపెనీ 1960ల పుస్తకాల్లో మొదటి పేజీలోనే చిన్న గడిలో పేర్లుండేవి, రాసినాయన, గీసినాయన, ఇంకు వేసినాయన, చివరికి మాటల బుడగల్లో అక్షరాలు రాసిన ఆర్టీ సైమెక్, శామ్ రోజెన్ పేర్లు కూడా. ఆ గడి దొరికిన రోజు నాకు పండగే. కథకన్నా ముందు ఆ పేర్లే చదివేవాణ్ణి.

బ్యాట్‌మ్యాన్ దగ్గర మాత్రం మోసపోయానండి. ఎక్కడ చూసినా బాబ్ కేన్ సంతకమే ఉండేది, అన్నీ ఆయనే చేశాడని నమ్మాను. 1939లో కేన్ మొదట వేసిన బొమ్మలో ఎర్ర డ్రెస్సు, కళ్లకి చిన్న ముసుగు, వీపుకి బిర్రుగా రెక్కలు. ఆ ఎర్రరంగు తీసేసి బూడిదరంగు పెట్టమన్నది, చెవులున్న తలముసుగు పెట్టమన్నది, రెక్కల బదులు గబ్బిలం రెక్కలా అంచున్న కేప్ వెయ్యమన్నది, ముసుగు వెనకున్న మనిషికి బ్రూస్ వేన్ అన్న పేరు పెట్టింది, మొదటి కథ రాసింది అన్నీ రచయిత బిల్ ఫింగర్. ఆయన 1974లో పోయాడు. బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తల్లో అధికారికంగా పేరు పడింది 2015లో. అంటే 41 ఏళ్ల తర్వాత. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

సీగెల్, షుస్టర్ సంగతీ అంతే, సూపర్‌మ్యాన్ హక్కులు మొత్తం పుస్తకం వేసే కంపెనీకి 130 డాలర్లకి ఇచ్చేశారు. వేరే పనుల డబ్బు కూడా కలిపి కంపెనీవాళ్లు 412 డాలర్ల చెక్కు ఇచ్చారు, ఆ చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పు స్పెల్లింగే, అందుకని వెనకాల ఒక్కొక్కరు రెండేసిసార్లు సంతకం పెట్టాల్సొచ్చింది! 1947లో కోర్టుకెళ్తే పుస్తకాల మీంచి పేర్లే తీసేశారు, మళ్లీ పేరు, ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున పెన్షన్ వచ్చేసరికి 1975 అయింది. 2012లో ఆ చెక్కు కాగితాన్నే వేలం వేస్తే 1 లక్షా 60 వేల డాలర్లు పలికింది, చూడండి మరి.

ఆ పాత కామిక్స్‌కి అంత ధర ఎందుకంటే మిగిలినవి తక్కువ, పిల్లలు చదివి చింపి పడేశారు, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో పాత కాగితాల సేకరణకి కట్టలు కట్టలు ఇచ్చేశారు. మిగిలినవాటికి ఎంత బాగున్నాయో చూసి ఇప్పుడు 10కి మార్కులేసి గట్టి ప్లాస్టిక్‌లో సీలు చేసేస్తున్నారు, ఇంక ఎవరూ తెరవరు. భద్రంగా ఉండాలి, కాదనను, కానీ లోపలి పేజీలు మనిషి కంట పడకుండా పోతుంటే నాకు మనసొప్పదు.

కాబట్టి ఎడిటర్ గారూ, ఈసారి ఇలాంటి వార్త వస్తే ధర కింద ఒక్క లైన్ కథ ఫలానావారు, బొమ్మలు ఫలానావారు అని వెయ్యమని మీ డెస్కులో చెప్పండి. ఒక్క లైనే కదండీ, ఫోటో కొంచెం చిన్నది చేస్తే పట్టేస్తుంది. నా దగ్గరున్న బ్యాట్‌మ్యాన్ పుస్తకాల్లో 2015లోనే ఒక్కోటీ తీసి బాబ్ కేన్ పేరు పక్కన బిల్ ఫింగర్ అని పెన్సిల్‌తో రాశాను. గీతలు పడితే విలువ పోతుందని తెలిసే రాశాను.

ఇట్లు,
మీ పాఠకుడు