ఆపరేషన్ల లెక్క వెనుక ఉన్న పరిశోధన

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల ఒక ఛాతీ శస్త్రచికిత్స నిపుణుడి గురించి వచ్చిన పరిచయ వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆయన చేసిన ఆపరేషన్ల సంఖ్య శీర్షికలో ఉంది, ఫొటో కింది వ్యాఖ్యలో ఉంది, మొదటి పేరాలో మళ్లీ ఉంది. అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లపై ఆయన దశాబ్దాలుగా సాగించిన పరిశోధన మాత్రం చివర్లో పలు పత్రాలు వెలువరించారన్న ఒక్క వాక్యంతో సరిపోయింది. శస్త్రవైద్యుడి గొప్పతనమంతా హస్తవాసిలోనే ఉంటుందని మనలో చాలామంది నమ్ముతారు కనుక వ్యాసకర్తను తప్పుపట్టలేను. అయితే ఈ రెండు జబ్బుల విషయంలో రోగికి జరిగిన మేలులో పెద్ద భాగం ఆ ఒక్క వాక్యంలోనే దాగి ఉంది. ఆ సంగతి మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

అన్నవాహిక గుండె వెనుకగా దిగుతుంది, దానికి ఇరుపక్కలా ఊపిరితిత్తులు ఉంటాయి. అందుకే ఈ రెండు క్యాన్సర్లూ చాలాచోట్ల ఒకే శస్త్రవైద్యుడి దగ్గరికి వస్తాయి. 2022 సంవత్సరపు ప్రపంచ అంచనాల ప్రకారం ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా సుమారు 25 లక్షల మందిలో బయటపడింది, దానివల్ల 18 లక్షల మంది మరణించారు. అన్నవాహిక క్యాన్సర్ బయటపడినవారు 5 లక్షలకు కాస్త పైన, చనిపోయినవారు సుమారు 4.45 లక్షలు. మరణాల సంఖ్య కొత్త కేసుల సంఖ్యకు ఇంత దగ్గరగా ఉందంటే, రోగి వైద్యుణ్ణి చేరేసరికే జబ్బు లింఫ్ గ్రంథుల (శరీర రక్షణ వ్యవస్థలోని చిన్న బుడిపెల) దారిలో చాలాదూరం పోయి ఉంటోందని అర్థం. కంటికి కనిపించే కణితిని ఎంత నేర్పుగా కోసి తీసినా, కనిపించకుండా పాకిన దాన్ని కత్తి అందుకోలేదు.

తొలితరం వైద్యులకు ఇంత దూరం ఆలోచించే తీరిక ఉండేది కాదు. ఛాతీ తెరవగానే ఊపిరితిత్తి ముడుచుకుపోయి రోగి బల్ల మీదే ప్రాణం విడవకుండా చూడటమే వారికి మొదటి సమస్య. 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ ఛాతీలోని అన్నవాహికను క్యాన్సర్‌తో సహా తొలగించి విజయం సాధించినప్పుడు, మెడ దగ్గర తెరిచిన రంధ్రం నుంచి పొట్టలోకి ఒంటి బయటి నుంచే రబ్బరు గొట్టం అమర్చారు. ఆ రోగి దాదాపు పుష్కరకాలం ఆ గొట్టంతోనే ఆహారం తీసుకుంటూ బతికారు. తెగిన చోటికి పొట్టను పైకి లాగి కుట్టడం, 1946లో ఐవర్ లూయిస్ వివరించిన పద్ధతి స్థిరపడటం ఆ తరువాతి కథ.

ఊపిరితిత్తుల వైపు చూస్తే, పరిశోధన శస్త్రవైద్యుడి చేత ఏం చేయిస్తుందో ఇవార్ట్స్ గ్రాహం జీవితం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదని నా అభిప్రాయం. 1933 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్‌లో ఆయన క్యాన్సర్ సోకిన ఒక ఊపిరితిత్తిని పూర్తిగా, ఒకే ఆపరేషన్‌లో తొలగించి రోగిని బతికించారు. ప్రపంచమంతా ఆయన పేరు మారుమోగడానికి అదొక్కటే చాలు. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. పొగతాగడమే ఈ జబ్బుకు కారణం కావచ్చునని ఎర్నెస్ట్ వైండర్ అనే వైద్యవిద్యార్థి వచ్చి చెప్పినప్పుడు గ్రాహం నమ్మలేదు. స్వయంగా విపరీతంగా పొగతాగేవారు కూడా. నమ్మకపోయినా ఆ విద్యార్థికి తన రోగులను చూసి ప్రశ్నించే వీలు కల్పించారు. 684 మంది రోగుల వివరాలతో 1950లో వెలువడిన పత్రం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సాక్ష్యం చూశాక ఆయన సిగరెట్ మానేశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే మరణించారు. ఆయన చేతిలో ఆపరేషన్ చేయించుకున్న 1933 నాటి రోగి అప్పటికి ఇంకా జీవించే ఉన్నారు. ఆ ఆపరేషన్ ఎందరిని కాపాడిందో, ఆ పత్రం ఎందరిని అసలు ఆపరేషన్ అవసరమే రాకుండా కాపాడిందో పోల్చి చూడండి.

ఆ తరువాత ముందుకొచ్చిన ప్రశ్న మరింత సున్నితమైనది: ఊపిరితిత్తిని ఎంత కోయాలి? మొత్తం తీసే పద్ధతి తగ్గి, జబ్బు ఉన్న లోబ్‌ను, అంటే ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగాన్ని, మాత్రం తీసే లోబెక్టమీ ప్రామాణికమైంది. చిన్న కణితికి లోబ్ అంతా పోగొట్టుకోవాలా, అందులో ఒక సెగ్మెంట్, అంటే చిన్న భాగం, తీస్తే చాలదా అన్న సందేహం వచ్చినప్పుడు ఉత్తర అమెరికా శస్త్రవైద్యులు చీటీ వేసినట్టు రోగులను రెండు జట్లుగా విభజించి పరీక్షించారు. 1995లో ప్రచురితమైన ఫలితం తక్కువ కోయడానికి వ్యతిరేకంగా వచ్చింది. 247 మందిలో, తక్కువ కోసిన జట్టులో జబ్బు అదే చోట తిరగబెట్టడం సుమారు మూడింతలు ఎక్కువగా ఉంది. మూడు దశాబ్దాలకు దగ్గరగా అదే శాసనమైంది.

అయితే ఆ రోగులను చేర్చుకున్నది 1980లలో. తరువాత సీటీ స్కాన్ మెరుగుపడి, రెండు సెంటీమీటర్ల లోపు కణితులు కనబడటం మామూలైంది. 2011లో అమెరికాలో పొగతాగేవారు, తాగి మానేసినవారు 53 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం, తక్కువ మోతాదు సీటీ స్క్రీనింగ్‌తో (లక్షణాలు లేనప్పుడే చేసే పరీక్షతో) ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని చూపింది. జబ్బు చిన్నదిగా ఉన్నప్పుడే దొరుకుతుంటే పాత జవాబు ఇంకా చెల్లుతుందా? న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన ఛాతీ శస్త్రవైద్యుడు నాసర్ ఆల్టోర్కి నాయకత్వంలో ఈ ప్రశ్నపై 2007లో రోగుల నమోదు మొదలైంది. ఆపరేషన్ జరుగుతుండగానే లింఫ్ గ్రంథుల ముక్కలను ఫ్రోజెన్ సెక్షన్‌కు, అంటే గడ్డకట్టించి అప్పటికప్పుడు చేసే మైక్రోస్కోప్ పరీక్షకు, పంపి, వాటిలో క్యాన్సర్ లేదని తేలాకే రోగి ఏ జట్టులోకి వెళ్లాలో నిర్ణయించేవారు. అంటే శస్త్రవైద్యుడు గ్లౌజులు తొడుక్కుని, ఛాతీ తెరిచి, తన ఇష్టాన్ని పక్కనపెట్టి జవాబు కోసం ఎదురుచూడాలి. వృత్తిలో ఉన్నవారికి అది ఎంత కష్టమో తెలుసు. 697 మందిని చేర్చడానికి దాదాపు పదేళ్లు పట్టింది, ఫలితం 2023లో వచ్చింది. ఐదేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టకుండా జీవించి ఉన్నవారు తక్కువ కోసిన జట్టులో 63.6 శాతం, లోబెక్టమీ జట్టులో 64.1 శాతం.

అంతకు ఏడాది ముందే జపాన్ వైద్యులు 1,106 మందిపై చేసిన అధ్యయనం వెలువడింది. అందులో సెగ్మెంట్ మాత్రమే తీసినవారిలో ఐదేళ్లు జీవించినవారు 94.3 శాతం, లోబెక్టమీ జట్టులో 91.1 శాతం. మరోవైపు అదే అధ్యయనంలో స్థానికంగా జబ్బు తిరగబెట్టడం సెగ్మెంట్ జట్టులోనే ఎక్కువ: 10.5 శాతం, రెండో జట్టులో 5.4 శాతం. ఆల్టోర్కి అధ్యయనంలో రెండు జట్లకూ మిగిలిన ఊపిరితిత్తి సామర్థ్యంలో తేడా కూడా ఆశించినంత పెద్దది కాదు. ఇంత మెలిక ఉన్న ఫలితాన్ని పట్టుకుని, ఎదురుగా కూర్చున్న రోగికి ఏది తగునో చెప్పగలగడం కూడా పరిశోధన నేర్పిన విద్యే.

ఆల్టోర్కి ప్రస్తావన ఎందుకు తెచ్చానంటే, మీ వ్యాసంలోని వైద్యుడిలాగే ఆయనా రెండు క్యాన్సర్లపైనా పనిచేసినవారు. అన్నవాహికలో ఆయన దారి మొదట ఎక్కువ కోయడం వైపు సాగింది. పొట్ట, ఛాతీ, మెడ అనే మూడు చోట్లా లింఫ్ గ్రంథులను తొలగించిన 80 మంది గురించి 2002లో ప్రచురించారు. మూడోవంతుకు పైగా రోగుల్లో మెడలోని లేదా స్వరపేటిక నరం వెంబడి ఉన్న గ్రంథుల్లో, అంతవరకూ ఎవరూ అనుమానించని క్యాన్సర్ కనిపించింది. ఊపిరితిత్తుల విషయంలో ఆయనే తక్కువ కోయడాన్ని పరీక్షకు పెట్టారు. 2021లో, ఆపరేషన్‌కు ముందు ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురిగొల్పే) మందు ఒక్కటే ఇచ్చిన 30 మందిని, దానితోపాటు కణితికి మూడు విడతల రేడియేషన్ ఇచ్చిన మరో 30 మందితో పోల్చారు. కణితి దాదాపుగా చచ్చిపోయినవారు మొదటి జట్టులో ఇద్దరు, రెండో జట్టులో పదహారు మంది. కోసి తీసిన కణితి చేతిలో ఉండబట్టే లోపల ఏం జరిగిందో మైక్రోస్కోప్ కింద తెలిసింది. ఈ అవకాశం శస్త్రవైద్యుడికి ఉన్నంతగా మరొకరికి ఉండదు.

అన్నవాహిక విషయంలో గత పుష్కరకాలపు మార్పు ఇంకా పెద్దది. నెదర్లాండ్స్‌లో శస్త్రవైద్యుల చొరవతో జరిగిన క్రాస్ అధ్యయనం 2012లో వెలువడింది. నేరుగా ఆపరేషన్ చేసినవారిలో సగం మంది 24 నెలలకు మించి బతకలేదు; ముందుగా ఐదు వారాలు కీమోథెరపీ, రేడియేషన్ ఇచ్చిన జట్టులో ఆ కాలం 49 నెలలు దాటింది. స్క్వేమస్ రకం (అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టే) క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి, ఆపరేషన్‌లో తీసిన భాగంలో బతికున్న క్యాన్సర్ కణమే దొరకలేదు. మరి అలాంటివారికి ఆపరేషన్ ఎందుకు? ఈ ప్రశ్న వేసినవారూ అక్కడి శస్త్రవైద్యులే. కీమో, రేడియేషన్ల తరువాత జబ్బు ఆనవాలు లేనివారికి వెంటనే ఆపరేషన్ చేయకుండా, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టి ఉంటే రెండేళ్ల జీవనరేటు తీసిపోలేదని 2025లో వెలువడిన సానో అధ్యయనం చెప్పింది. తన జీవనాధారమైన ఆపరేషన్‌నే అవసరమా అని నిలదీయడానికి ఎంత నిజాయితీ కావాలో వేరే చెప్పనక్కరలేదు. గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా రకంలో మాత్రం, ఆపరేషన్‌కు ముందూ వెనుకా నాలుగు మందుల కీమోథెరపీ ఇవ్వడం క్రాస్ పద్ధతికన్నా మేలని జర్మనీ శస్త్రవైద్యులు నడిపిన మరో అధ్యయనంలో 2024లో తేలింది.

ఆపరేషన్ల సంఖ్యకు విలువే లేదని నేను అనడం లేదు. అన్నవాహికను తొలగించే ఆపరేషన్ ఏడాదికి ఎక్కువగా జరిగే ఆసుపత్రులకూ అరుదుగా జరిగే ఆసుపత్రులకూ మధ్య మరణాల రేటులో తేడా 5 శాతానికి పైనే ఉందని 2002లో అమెరికా లెక్కలు చూపాయి. అయితే అది ఏడాదికి ఒక ఆసుపత్రిలో జరిగే ఆపరేషన్ల లెక్క. మత్తు వైద్యులు, ఐసీయూ నర్సులు, అతుకు లీకయిన సంగతిని రాత్రివేళ పసిగట్టే జూనియర్ డాక్టర్లు అందరూ అందులో ఉన్నారు. ఒక వ్యక్తి జీవితకాలపు మొత్తం రోగికి ఆ భరోసా ఇవ్వదు.

కనుక ఇకముందు ఇలాంటి పరిచయాలు ప్రచురించేటప్పుడు, ఎన్ని ఆపరేషన్లు చేశారని అడిగిన తరువాత మీ విలేకరి మరికొన్ని ప్రశ్నలు కూడా అడగాలని మనవి. ఆయన రోగుల్లో క్లినికల్ ట్రయల్స్‌లో చేరినవారు ఎందరు? ఆపరేషన్ అయిన ఐదేళ్లకు వారి పరిస్థితి ఏమిటో నమోదు చేస్తున్నారా? పరిశోధన ఫలితాలు చూశాక, ఒకప్పుడు చేసి ఇప్పుడు మానేసిన ఆపరేషన్ ఏది?

ఇట్లు,
ఛాతీ శస్త్రచికిత్స విభాగపు విశ్రాంత అధ్యాపకుడు