ఒక్కదాన్నే వెళ్ళానని కోప్పడకు

ఫీనిక్స్,
మార్చి, ఆదివారం రాత్రి

అమ్మా,

ఫోన్లో చెబితే సగంలోనే అందుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. నిన్న పొద్దున్న ఒక్కదాన్నే కొండెక్కాను. ఆగు, మొత్తం చదివాక తిట్టు. ఒక్కదాన్నే అన్నమాటే గానీ, దారంతా అలిపిరి మెట్ల మీద ఉన్నట్టే జనం. కారు పెట్టుకునే చోటు కోసమే పావుగంట తిరిగాను.

కొండ పేరు పయెస్టవా పీక్. ఊరు చుట్టుముట్టేసిన కొండ. ఒకపక్క ఇళ్ళ పెరటి గోడలు, ఈతకొలనులు. గోడ దాటితే ఎడారే. ఇదివరకు దీనికి ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్ళను కించపరిచే పేరుండేది. తర్వాత, 2003లో ఇరాక్ యుద్ధంలో చనిపోయిన లోరీ పయెస్టవా అనే అమెరికా సైనికురాలి పేరు పెట్టారు. ఇక్కడి ఆదివాసీల్లో హోపీ తెగ పిల్ల. అప్పటికి 23 ఏళ్ళు, ఇద్దరు పసిపిల్లల తల్లి.

దారి పైదాకా మైలుంపావు కూడా ఉండదు. ఆ కాస్తలోనే దాదాపు 1,200 అడుగులు ఎక్కాలి. రాతిమెట్లు ఒకటి చీలమండ ఎత్తుంటే ఇంకోటి మోకాలెత్తు. దిగేవాళ్ళంతా "ఇంకెంతో లేదు, వచ్చేసింది" అంటారు. తిరుమల నడకదారిలో మనకు చెప్పిన అబద్ధమే, భాష ఒక్కటే వేరు.

ఎడారంటే ఇసుక అనుకున్నాను కదా, ఇక్కడ ఇసుక వెతికినా దొరకదు. రాళ్ళు, వాటి సందుల్లో పచ్చని చెట్లు. పాలో వెర్డే అనే చెట్టుకి కాండమే పచ్చన. ఆకులు రాలిపోయినా బెరడుతోనే వండుకు తింటుంది. సగువారో అనే జెముడు స్తంభంలా నిలబడి ఉంటుంది. దానికి చేతుల్లాంటి కొమ్మలు రావడానికే యాభై ఏళ్ళు దాటాలట. ఒకదానికి ఐదు చేతులున్నాయి. నాయనమ్మ వయసుంటుందేమో అనుకుని కాసేపు దాని దగ్గరే నిలబడ్డాను. వడ్రంగిపిట్ట తొలిచిన బొక్క కూడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పరిగెత్తుకుంటూ దిగే అబ్బాయికి దారిద్దామని పక్కకి జరిగాను. అక్కడ చోయా అనే ముళ్ళజెముడు. దూరానికి బొచ్చుకుక్కపిల్లలా ముద్దుగా ఉంటుంది. దాని ముద్ద ఒకటి పిక్కకి అతుక్కుంది. ముళ్ళకు చేపల గాలంలా వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. చేత్తో లాగితే చేతికీ పట్టుకుంటుంది. లాగబోతుంటే వెనకాల వస్తున్న పెద్దావిడ "ఆగాగు, దువ్వెనుందా?" అంది. ఉంది! బయల్దేరేటప్పుడు నువ్వు నా బ్యాగులో కుక్కిన చెక్కదువ్వెన. ముద్దకీ కాలికీ మధ్య దాన్ని దూర్చి ఒక్క విసురు విసిరింది. ప్రాణం పోయినంత పనైంది గానీ ఊడొచ్చింది. మిగిలిన ముళ్ళు ఇంటికొచ్చి పట్టకారుతో తీసుకున్నాను. వాపు లేదు, చీము లేదు, కంగారుపడకు.

ఈ గొడవలో తాగగా తాగగా సీసాలో నీళ్ళు సగానికి వచ్చాయి. సగమైతే వెనక్కి తిరగాలని ఇక్కడ అందరూ చెప్పే మాట. ఈ గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిపోతోందని కళ్ళు తిరిగాకే తెలుస్తుంది. మార్చి కాబట్టి ఫరవాలేదు. 2023 వేసవిలో ఇక్కడ వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. మరీ మండిపోయే రోజుల్లో ఈ దారిని పగలు మూసేస్తారు.

కొస కనిపిస్తూనే ఉంది. ఆరేళ్ళ బుడతడొకడు నన్ను దాటుకుని పైకి పోయాడు. అయినా దిగొచ్చేశాను. నీ కూతురికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందా అనుకుంటున్నావు కదూ? దిగడమే కష్టమైంది, నిజం చెప్పాలంటే. మోకాళ్ళు ఇంకా వణుకుతున్నాయి.

నాన్నకి కొండ సంగతి చెప్పు, ముళ్ళ సంగతి వద్దు. దువ్వెనకి రెండు పళ్ళు విరిగాయి. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకోటి పంపించు, ఈసారి కాస్త వెడల్పు పళ్ళది.

నీ
చిన్ని