రెల్లు పూసిందని నువ్వు రాశాక

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చేరి వారం దాటింది. వెంటనే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, అందులో నువ్వు మాటవరసకి రాసిన ఒక్క ముక్క నన్ను పట్టుకుంది. లంకల పక్కగా వెళ్తుంటే కనుచూపు మేర రెల్లు తెల్లగా పూసి ఉందనీ, చూడ్డానికి బాగుంది గానీ ఆ గడ్డి వల్ల ఎవరికేం లాభమనీ అడిగావు. పొద్దున నువ్వు కాఫీలో వేసుకున్న పంచదారలో ఆ రెల్లు ఉందిరా. ఎలాగో చెప్తాను, తీరిగ్గా చదువు.

లావుగా, నిండా తియ్యటి రసంతో ఉండే పాత చెరకు న్యూగినీ వైపు మనుషులు సాగులోకి తెచ్చుకున్న మొక్క. తీపి దండిగా ఉంది గానీ ఒళ్లు సుకుమారం. చలికి ఆగదు, తెగులు తగిలితే కూలిపోతుంది. రెల్లు దానికి దాయాది. పీల్చి చూస్తే తీపి దాదాపు ఉండదు, అయితే ఇసక మేటలోనూ, వరద నీటిలోనూ, మండుటెండలోనూ బతుకుతుంది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టాక, అక్కడి శాస్త్రవేత్తలు బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ఈ రెంటినీ కలిపి కో 205 అనే రకం తీశారు. ఇవాళ ప్రపంచంలో సాగయ్యే చెరకు రకాల క్రోమోజోముల్లో, అంటే కణంలో వంశ లక్షణాల్ని మోసే దారాల్లాంటి వాటిలో, సుమారు పదో వంతు నుంచి అయిదో వంతు దాకా రెల్లువే. పిలకలు బాగా వేయడం, కొట్టేశాక కార్శి తోట మళ్లీ లేవడం, ఆ మొండితనమంతా ఎక్కువగా రెల్లు వైపు నుంచి వచ్చిందే.

నేను నీకు చెప్పాలనుకున్నది మాత్రం వీళ్ల గురించి కాదు. 1934లో ఆ కేంద్రానికి వచ్చిన ఇంకొక మనిషి గురించి. ఎడవలత్ కక్కాట్ జానకి అమ్మాళ్. 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఆనర్స్ చేసి, బార్బోర్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి, 1931లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ రోజుల్లో మన దేశంలో చదువుకున్న ఆడపిల్లలే తక్కువ. ఆవిడ పెళ్లి మాట పక్కన పెట్టి క్రోమోజోములు లెక్కపెట్టడానికి సముద్రాలు దాటారు. డిగ్రీలో మనం చదివిన ఏ పాఠంలోనూ ఆవిడ పేరు లేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లెక్కపెట్టడం అంటే గుర్తొచ్చింది, మన ప్రాక్టికల్స్ గుర్తున్నాయా? ఉల్లిపాయ వేరు కొసని ఎసిటోకార్మిన్ రంగులో వేసి వేడిచేసి, స్లైడు మీద పెట్టి, కవర్‌స్లిప్ పైన బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నొక్కేవాళ్లం. ఉల్లి కణంలో పదహారు క్రోమోజోములని పుస్తకంలో ఉంది. నాకు పద్నాలుగు వచ్చాయి, నీకు పదిహేడు. ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోయి ఉంటే ఎవరికి తెలుస్తుంది? పదహారుకే మనకి అన్ని కష్టాలు వచ్చాయి. ఆ పాత చెరకులో ఎనభై ఉంటాయి. రెల్లులో అయితే ఎన్ని ఉంటాయన్నది అది ఎక్కడ పెరిగిందన్న దాన్ని బట్టి మారుతుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

ఉత్తర భారతంలో తీసిన రెల్లు కొన్నిట్లో 40. కోయంబత్తూరు రెల్లులో 64. జావా రెల్లులో 112. ఆఫ్రికా వైపు పోతే 128 దాకా ఉంటాయి. అన్నీ ఎనిమిదో ఎక్కమే చూడు. చూపుకి ఒకే జాతి, ఒకే తెల్లటి పువ్వు. లోపల మాత్రం ఎనిమిదేసి క్రోమోజోముల సెట్లు ఒకచోట ఎనిమిది, ఒకచోట పద్నాలుగు, ఒకచోట పదహారు. జానకి అమ్మాళ్ ఈ అంకెల్ని పట్టికలో రాసి వదిలెయ్యలేదు. ఏది ఎక్కడ మొలిచిందో పటం మీద పెట్టి చూశారు. రెల్లు పుట్టిల్లు మన దేశమేనని వాదించారు. చిన్న అంకెలు ఇక్కడ ఉండటం, దూరం వెళ్లేకొద్దీ పెద్దవి కనపడటం ఆ వాదానికి బలమిస్తాయి. ఒక గడ్డి ఎటునుంచి ఎటు నడిచిందో దాని కణంలోనే రాసి ఉంటుందన్న ఆలోచన మొదటిసారి అర్థమైనప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడ అంతటితో ఆగకుండా చెరకుని జొన్నతోనూ, దర్భ జాతి గడ్డితోనూ, మొక్కజొన్నతోనూ కూడా కలిపి చూశారు. మొక్కజొన్న సంకరం సంగతి 1938లో నేచర్ పత్రికలో వచ్చింది.

సెట్లు పెరగడం ఎందుకంత పెద్ద విషయమో నువ్వు మరిచిపోయి ఉంటావు, బ్యాంకు లెక్కల్లో పడి చాలా ఏళ్లయింది కదా. రెండు వేరు జాతులు కలిస్తే పుట్టే మొక్క తరచూ గొడ్డుదవుతుంది. తల్లి వైపు క్రోమోజోముకి తండ్రి వైపు జోడీ దొరకదు, పుప్పొడి సరిగా ఏర్పడదు. ఎప్పుడో ఒక కణంలో మొత్తం సెట్టు రెట్టింపైతే ప్రతిదానికీ జోడీ దొరికేస్తుంది. ఆ మొక్క విత్తనం కడుతుంది. తల్లిజాతితో గానీ తండ్రిజాతితో గానీ అంత సులువుగా మళ్లీ కలవదు. అంటే లక్షల ఏళ్లు ఆగక్కర్లేకుండా ఒకటి రెండు తరాల్లోనే కొత్త జాతి తయారు. మనం తినే గోధుమలో 42 ఉన్నాయంటే, దాని వెనక పద్నాలుగేసి క్రోమోజోములున్న మూడు గడ్డి జాతులున్నాయి.

1939లో ఆవిడ ఎడిన్‌బరోలో జన్యుశాస్త్ర మహాసభకి వెళ్లారు. యుద్ధం మొదలైంది, అక్కడే ఉండిపోయారు. లండన్ శివారులో ఉన్న జాన్ ఇన్నెస్ సంస్థలో చేరారు. రాత్రి బాంబులు పడుతుంటే మంచం కింద దూరి, పొద్దున్నే అరల మీద పడ్డ గాజు పెంకులు దులిపి మళ్లీ పనిలో కూర్చునేవారట. అక్కడే జన్యుశాస్త్రవేత్త డార్లింగ్‌టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ తయారు చేశారు, 1945లో అచ్చయింది. తర్వాత విజ్లీలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటల్లో కాల్చిసిన్ అనే రసాయనంతో పని చేశారు. కణం చీలేటప్పుడు క్రోమోజోముల్ని రెండు పక్కలకీ లాగే పోగులుంటాయి కదా, కాల్చిసిన్ వాటిని ఏర్పడనివ్వదు. దాంతో క్రోమోజోములు రెట్టింపై ఒకే కణంలో మిగిలిపోతాయి. ప్రకృతి ఎప్పుడో ఒకసారి చేసే పనిని ఆవిడ మాగ్నోలియా మొలకల మీద కావాలని చేశారన్నమాట. ఆవిడ పేరుతో ఒక మాగ్నోలియా రకమే ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం హిమాలయాలది. తూర్పు కొసన చలి ఉంది, తేమా ఉంది. పడమటి కొసన చలి ఉంది గానీ పొడి. తూర్పు వైపు రొడోడెండ్రాన్ల లాంటి మొక్కల్లో జాతులు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి. పడమట అన్ని లేవు. చలి రెండుచోట్లా ఉంది కాబట్టి కారణం చలి ఒక్కటే కాదు. తేమ ఉన్నచోట ఈ సెట్లు పెరిగిన మొక్కలు ఎక్కువగా నిలదొక్కుకుని కొత్త జాతులయ్యాయని ఆవిడ అన్నారు. పైగా ఈశాన్య భారతంలో చైనా వైపు మొక్కలూ, మలయా వైపు మొక్కలూ వచ్చి మన మొక్కలతో కలుస్తాయి. కలిసినచోట సంకరాలు పుడతాయి, వాటిలో కొన్ని రెట్టింపై నిలబడతాయి. ఇప్పుడు డీఎన్‌ఏ చదివే యంత్రాలు వచ్చాయి, చాలా వివరాలు సరిదిద్దుకోవాల్సి వస్తుంది, రావాలి కూడా. అయినా మైక్రోస్కోపూ, ఎండబెట్టిన మొక్కలూ, పటమూ పెట్టుకుని అంత దూరం ఆలోచించిన మనిషిని తల్చుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చి, 1950ల్లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాని తిరిగి కూర్చే బాధ్యత తీసుకున్నారు. ఆ ఉద్యోగాల సంగతి నేను పెద్దగా రాయను. ఎనభై దాటాక ఆవిడ చేసినది మాత్రం రాయాలి. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని కుంతిపుళ నది నీళ్లతో ముంచేసే జలవిద్యుత్ ప్రాజెక్టు ఒకటి తలపెట్టారు. దాన్ని వద్దన్న వాళ్లలో ఆవిడా ఉన్నారు. అంతేకాదు, ఆ అడవి చెట్ల క్రోమోజోములన్నీ సర్వే చేస్తానని పూనుకున్నారు. ఆ వయసులో! ఒక చెట్టు పోతే కట్టె పోతుందని మనకి తెలుసు. ఆ చోట ఆ చెట్టులోనే ఉన్న లెక్క కూడా పోతుందని ఆవిడకి తెలుసు. ప్రాజెక్టు ఆగింది. 1984 నవంబరులో సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆవిడ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పోయారు, మద్రాసు దగ్గర మదురవాయల్‌లో. అప్పటికీ అక్కడ మొక్కల మీద పని చేస్తూనే ఉన్నారు.

సరే, ఇప్పుడు నీతో ఒక పని ఉంది. ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక రెల్లు దుబ్బు వేళ్లతో సహా తవ్వి, తడి గోనెసంచిలో చుట్టి బస్సులో పంపు. కుండీలో పాతుకుంటాను, కొత్త వేళ్లు వస్తాయి. ఆ కొసలు తీసి పొద్దుటిపూట స్లైడ్లు చేసి పెడతాను. పండక్కి నువ్వొచ్చాక ఇద్దరం విడివిడిగా లెక్కపెడదాం. సంచి మీద ఏ ఊరి లంకో, ఏటికి ఏ ఒడ్డో తప్పకుండా రాయి. అది లేకపోతే ఎన్ని వచ్చినా ఆ అంకెతో నేను చేసేదేం ఉండదు.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
మైక్రోస్కోపు జోడీ